నిమ్మళంగా తీర్చుకున్న పగ

ఆదోని బట్టల బజారులో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడని నా అంతట నేనే చెప్పుకుంటే బాగుండదు కాబట్టి, మా వీధిలో అందరూ అనుకుంటారని రాస్తున్నాను. అలాంటి నేను నా పగవాడి అంగట్లో, అతను చెప్పిన ధరకే, పైసా తగ్గించకుండా ఇరవై ఒక్క లుంగీలు కొన్నాను. నేనూ బట్టల వ్యాపారినే. నా అంగట్లో లుంగీలు బీరువా నిండా ఉన్నాయి. అతనివాటి కంటే మంచివి, చవక కూడా. ఇంత గొప్ప తెలివి చూపించిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు ఉంటే తీసుకురండి, ఇరవై రెండో లుంగీ కొని అతనికి కప్పుతాను.

కారణం ఉంది. తొందరపడి చెప్పేది కాదు.

మా నాయనది జౌళి అంగడి. ఇప్పటిలా అద్దాలూ బొమ్మలూ ఉండేవి కావు. ముందు నాలుగు మెట్లు, పక్కన ఒక అరుగు, లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. చెప్పులు మెట్ల కింద విడిచి వచ్చి కూర్చోవలసిందే. మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకొని, డబ్బు రొంటిన దోపుకొని వచ్చిన రైతుకు మా నాయన మొదట నీళ్లిచ్చేవాడు. తర్వాత వాన సంగతి అడిగేవాడు. ఆ తర్వాత ఎద్దుల సంగతి, కోడలు నీళ్లోసుకున్న సంగతి. గుడ్డ సంగతి వచ్చేసరికి ఒకరి వంశం ఒకరికి తెలిసిపోయి ఉండేది. అప్పుడు ధర దగ్గర జగడం మొదలు. రైతు లేచి మెట్లు దిగేవాడు. మూడో మెట్టు మీద మా నాయన వెనక్కి పిలిచేవాడు. రెండో మెట్టు మీద పిలిస్తే ఆత్రం, నాలుగో మెట్టు దాటనిస్తే గర్వం. మా ఇంట్లో చదువంటే ఇదే.

"కూచున్నోడు కొంటాడు, నిలబడినోడు సూసి పోతాడు" అనేవాడు మా నాయన. అన్నిటికంటే ఎక్కువగా వాడిన మాట మాత్రం "నిమ్మళంగా". నిమ్మళంగా కత్తిరించు, నిమ్మళంగా మడత పెట్టు, నిమ్మళంగా తిను. మా ఊరిని రెండో బొంబాయి అని పిలిచిన రోజుల్లో కూడా ఆ పరుపు మీద ఎవరూ పరుగెత్తలేదు.

ఆ పరుపు మీదే నాతోపాటు గుడ్డ మడత పెట్టడం నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. నాకంటే మూడేళ్లు చిన్న. నా క్యారియరులోనే అన్నం తిన్నాడు, నన్ను ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. మా నాయన పోయాక వాడు బయటికి పోయి, నాలుగు అంగళ్లు తిరిగి, చివరికి మా అంగడికి ఎదురుగానే అద్దాల షోరూము పెట్టాడు. లోపల ఏసీ, కంప్యూటరు బిల్లు. గుమ్మం మీద బోర్డు: ఒకే ధర, బేరం లేదు, పది నిమిషాల్లో బిల్లు.

నా బేరాలు ఒక్కొక్కటే రోడ్డు దాటి పోయాయి. ప్యాంట్లు పోయాయి, పంజాబీ డ్రెస్సులు పోయాయి, చివరికి పెండ్లి చీరలూ పోయాయి. నా అంగట్లో ఉండి ఎదురంగట్లో లేనిది ఒకటే మిగిలింది. ఎమ్మిగనూరులో ఒక ముసలాయన గుంత మగ్గం మీద నేసే దుప్పట్లు. మా నాయన కాలం నుంచి ఆయన ప్రతి గురువారం మొదటి బస్సుకు మూట తీసుకొచ్చి మా అంగట్లోనే వేస్తాడు, వేరే గడప తొక్కడు. కోడుమూరు నుంచి కూడా ఆ దుప్పటి కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. ఆ మూట ఉన్నంతవరకే నాది అంగడి. అది పోతే నాలుగు మెట్లూ ఒక పరుపూ.

వ్యాపారం తగ్గినందుకు పగ పట్టలేదు. తగ్గడం, పెరగడం మా కులవిద్యలో ఉన్నవే. పగ ఒక పెండ్లి భోజనాల్లో పుట్టింది.

సాటి వ్యాపారి కూతురి పెండ్లి. పంక్తిలో బజారంతా కూర్చుంది. నేను రెండో ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటున్నాను. ఎవరో నా వ్యాపారం ఎట్లా ఉందని అడిగారు. నేను నోరు తెరిచేలోపు నాలుగు ఆకుల అవతలి నుంచి వాడు అందుకున్నాడు.

"మా అన్న అంగడికేమప్పా, బంగారు అంగడి. కాకుంటే ఆడ పెండ్లిచీర కొనేలోపు పెండ్లికూతురుకు పురుడు పోసే యాలయితాది."

పంక్తి పంక్తంతా నవ్వింది. ఒకాయనకు పొలమారింది, నెత్తి మీద తట్టాల్సి వచ్చింది. అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వి, ఇంకొంచెం నెయ్యి పోయమన్నాను. వాడు అన్న మాటకు కాదు, నేను నవ్విన నవ్వుకు పగ పుట్టింది. ఆ నవ్వు ఇంటికొచ్చి పడుకున్నా మూతి మీద నుంచి పోలేదు.

కొన్నాళ్లకు మా ఆవిడ ఫోనులో ఏదో చదువుతూ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, యాడో దేశాల్లో ఊర్లకు ఊర్లే నిదానంగా బతకాలని తీర్మానం చేసుకున్యారంట. బండ్లు తక్కువ, అంగళ్లు చిన్నవి, తిండి నిమ్మళంగా తినాలంట. వాళ్ల గుర్తు నత్త అంట."

"మనం పుట్టినప్పట్నించి అట్లనే గదమ్మే బతుకుతాండేది. మనకెవరూ నత్తను ఇయ్యకపోయిరి."

"నీకెందుకు మళ్లా నత్త? నువ్వుండావు గదా" అంది ఆవిడ, ఫోను దించకుండానే.

ఆ మాట పక్కన పెడితే, నాకు అప్పుడే వెలిగింది. నిమ్మళంగా ఉన్నానని కదా వాడు నన్ను నవ్వించింది. ఆ నిమ్మళంతోనే వాడిని కొట్టాలి. కత్తులూ కటార్లూ అక్కర్లేదు. వాడి పది నిమిషాల బోర్డు కిందే కూర్చొని, వాడి పొద్దును నత్తలా మెల్లగా నమిలెయ్యాలి.

దారి కూడా దొరికింది. బోణీ.

తెలియనివాళ్లకు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. పొద్దున్నే అంగడి గడప దాటిన మొదటి మనిషి ఉత్త చేతులతో వెనక్కి పోతే ఆ రోజు వ్యాపారం మట్టి. ఆ మొదటి బేరం తెగేదాకా ఇంకొకరికి గుడ్డ ఇవ్వకూడదు, డబ్బు తీసుకోకూడదు, చిల్లర కూడా మార్చకూడదు. ఇది మా నాయన మా ఇద్దరికీ ఒకే రోజు, ఒకే మొట్టికాయతో నేర్పిన పాఠం. వాడు ఏసీ పెట్టినా, కంప్యూటరు పెట్టినా, ఆ భయం మాత్రం మా నాయన పెట్టిందే. ఎంతమంది పనివాళ్లున్నా బోణీ బిల్లు వాడే కొడతాడు, ఆ నోటు కళ్లకద్దుకున్నాకే మిగతా కౌంటర్లు కదులుతాయి. నేను నా గల్లాపెట్టె దగ్గర కూర్చొని అదంతా రోజూ చూసేవాణ్ణి.

బోణీ బేరాన్ని పోనివ్వకూడదు. ఒకే ధర అన్నాడు కాబట్టి తగ్గించనూ కూడదు. ఈ రెండు తలుపుల మధ్య వాడి వేలు పెట్టించి, నేను నిమ్మళంగా మూస్తాను. అదీ పథకం.

మర్నాడు షట్టరు సగం లేచేసరికి దాని కింద నా కాళ్లు కనిపించాయి వాడికి.

"ఏమన్నా, పొద్దున్నే ఇట్ల వచ్చినావు?"

"నీకు బోణీ చేద్దామని వచ్చినాప్పా. వద్దంటే పోతా."

"అయ్యో, అంత మాట యాలన్నా. రా, రా. కుడికాలు పెట్టి రా."

"ఒక రుమాలు సూపించు."

"ఏ రంగుదన్నా?"

"రంగు తర్వాత సూద్దాం. నీ పిల్లోళ్లు బాగుండారా?"

పిల్లలు బాగున్నారు. వాళ్ల చదువులు బాగున్నాయి. వాళ్ల అవ్వ మోకాళ్లు మాత్రం బాగాలేవు. మోకాళ్ల గురించి నేను చాలాసేపు బాధపడ్డాను. తర్వాత రుమాళ్లు వచ్చాయి. ట్యూబులైటు కింద రంగు తెలియదని ఒక్కొక్కటే గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూశాను. అంచు తడిపి చూస్తానన్నాను, నీళ్లు తెప్పించాడు. ఆరేదాకా ఆగుదామన్నాను, ఆగాడు. అప్పటికి వెనకాల నలుగురు ఆడవాళ్లు చేతుల్లో గుడ్డలు పట్టుకొని నిలబడ్డారు. కంప్యూటరు దగ్గరి పిల్ల వేలు గాల్లోనే పెట్టుకొని వాడి మొహం చూస్తోంది.

"ఒక్క నిమిషమమ్మా, బోణీ కానీ" అని వాడు వాళ్లకు చెప్పుకుంటున్నాడు.

"ఎంతకిస్తావప్పా?" అన్నాను.

"అన్నా, బోర్డు సూసినావు గదా. ఒకే ధర."

"సూసినా. అక్షరాలు బాగుండాయి. ఎవరు రాసినారు?"

రాసినవాడి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఎంత తీసుకున్నాడో చెప్పాడు. ఎక్కువ ఇచ్చావన్నాను. అది నిజమే కాబట్టి వాడికి ఇంకా మండింది. చివరికి గంటా ఇరవై నిమిషాలకు ఒక రుమాలు కొన్నాను. పది నిమిషాల బోర్డు కిందే. రోడ్డు దాటుతున్నంతసేపూ ఓళిగ తిన్నట్టుంది నోట్లో.

కొనకుండా వచ్చెయ్యొచ్చు కదా, వాడి రోజంతా మట్టయ్యేది కదా అని మా ఆవిడ అడిగింది. ఆవిడ అంగళ్ల ఇంటి పిల్ల కాదు. బోణీకి పోయి ఉత్త చేతులతో రావడమంటే ఆ అంగడికి నిప్పు పెట్టడమే. అది చేసినవాడి అంగడికి కూడా అంటుకుంటుంది. వాడు ఏ మొట్టికాయకు భయపడతాడో నేనూ దానికే భయపడతాను. పగకు కూడా పద్ధతి ఉంటుంది.

రెండో రోజు ఇంకో రుమాలు. మూడో రోజు వాడు చేతులు నులుముకుంటూ ఎదురొచ్చాడు.

"రుమాళ్లు అయిపోయినాయన్నా."

"నిన్న అంత బొత్తి ఉండె గదప్పా?"

"సాయంత్రం ఒకాయన మొత్తం పట్టుకపోయినాడు. లుంగీలుండాయి. సూస్తావా?"

వాడు మా నాయన శిష్యుడే మరి. అంగట్లో అన్నిటికంటే చవకదాన్ని దాచేసి, దాని పైదాన్ని నా ముందు పెట్టాడు. అట్లా మొదలయ్యాయి లుంగీలు.

మా అంగడి అరుగు మీద ఒక సాయిబు దర్జీ మెషిను పెట్టుకొని కూర్చుంటాడు. మా నాయన కాలం నుంచీ ఉన్నాడు. లుంగీ కొన్నాక రెండు అంచులూ కలిపి కుట్టించాలి కాబట్టి రోజూ అతని దగ్గరికే తీసుకెళ్లాను.

"ఇంగొకటా సేట్? మీ ఇంట్లో లుంగీలు పిల్లల్ని పెడతాండాయా?" అన్నాడు అయిదో రోజు.

"నువ్వు కుట్టప్పా. నీకు కుట్టుకూలి రాలేదా?"

"నాకొస్తాది సేట్. మీకేమొస్తాదో సెప్పరాదా?"

నాకేం వస్తోందో అప్పుడు నాకు బాగానే కనిపిస్తోంది. వాడి పొద్దుటి వ్యాపారం రెండేసి గంటలు ఆగిపోతోంది. వాడి కళ్ల కింద నలుపు వచ్చింది. ఒకరోజు నన్ను తప్పించుకోవడానికి షట్టరు తెల్లారకముందే తీశాడు. ఆ మర్నాడు నేను ఇంకా ముందు వెళ్లాను. వాడు ఇంకా ముందు తీశాడు. నేను ఇంకా ముందు.

నిజం చెప్పాలి. నా జన్మలో ఎన్నడూ అంత తొందరగా బతకలేదు. ఫోనులో గంట పెట్టుకొని లేవడం, చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకోవడం, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ ఉరకడం. బొరుగుల ఉగ్గాని వేడివేడిగా గిన్నెలో ఉంటే ముట్టకుండా పోవడం. మా ఆవిడ గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడింది ఒకరోజు.

"రెండు ముద్దలన్నా తిని పోరాదా?"

"తీరిక లేదు."

"నిమ్మళంగా ఉండేదానికా ఇంత ఉరుకులు?"

ఆ మాట నాకు వీధి మలుపులో వినిపించింది.

తొమ్మిదో రోజు నా పగ పండింది. తుగ్గలి వైపు నుంచి ఒక పెండ్లి జట్టు జీపు మాట్లాడుకొని వచ్చింది. పన్నెండు మంది. పెండ్లికి కావలసిన బట్టలన్నీ ఒకేచోట కొనే రకం. లోపలికి వచ్చి చీరలు ఏరుకున్నారు, పంచెలు ఏరుకున్నారు, బిల్లు దగ్గర నిలబడ్డారు. అప్పుడు నేను రెండు నీలిగళ్ల లుంగీలు చెరో చేత్తో పట్టుకొని ఏది మంచిదా అని ఆలోచిస్తున్నాను. రెండూ ఒకటే. ఒకే తానులోవి. అయినా ఆలోచించాను. ఎడమచేతిది ఒంటికి మెత్తగా ఉంది, కుడిచేతిదానికి అంచు బిగువుగా ఉంది అన్నాను. వాడి నుదుటి మీద ఏసీలో చెమట పట్టింది.

"అన్నా, నీకు దండం పెడతా, ఏదో ఒకటి తీసుకో."

"గుడ్డ విషయంలో తొందర పనికి రాదప్పా. మా నాయన ఏం సెప్పె?"

పెండ్లి జట్టులో పెద్దాయన ఏరుకున్న చీరలన్నీ కౌంటరు మీద పెట్టేసి, "లేయండి, ఈడ ముహూర్తం దాటిపోయేట్టుండాది" అన్నాడు. పన్నెండు మందీ వెళ్లిపోయారు. తలుపు మూసుకున్నాక నేను వాడి చెవి దగ్గరికి వంగాను.

"నీ అంగట్లో లుంగీ కొనేలోపు పెండ్లి జట్టే పాయ గదప్పా."

వాడు లుంగీలు రెండూ నా చేతుల్లోంచి లాక్కున్నాడు. కుడిచేతిదాన్ని ప్యాక్ చేసి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

సాయంత్రం దర్జీ మెషిను ఆపి, సూది పెదవుల మధ్య పెట్టుకొనే చెప్పాడు. "పొద్దున జీపోళ్లు రోడ్డు దాటి మన మెట్ల దాకా వచ్చినారు సేట్. తాళం సూసినారు. నేను ఉండండి ఉండండి అంటాండా. ఇంగ ఆగలేక పత్తికొండకు పోయినారు."

అప్పుడన్నా ఆగి ఉంటే ఈ రాతలు ఇంత పొడుగు ఉండేవి కావు. ఆగలేదు. వాడికి పోయింది కదా, అది చాలు అనుకున్నాను. ఒక కన్ను నాది పోయినా ఫరవాలేదన్నంత తియ్యగా ఉంది.

పదో రోజు వాడు కొత్త ఎత్తు వేశాడు. కౌంటరు పక్కన ఒక పరుపు వేయించాడు, దాని మీద తెల్ల దుప్పటి.

"కూచో అన్నా. రోజూ నిలబడితే కాళ్లు పీకుతాయి."

వెటకారం అనుకున్నాను. కూర్చున్నాను. టీ తెప్పించాడు. నేను లుంగీ ధర మీద నా పాట మొదలుపెట్టాను. బోణీ కోసం ఆగినవాళ్లు నిలబడలేక ఒక్కొక్కరే వచ్చి పరుపు మీద కూర్చున్నారు. మా ఇద్దరి బేరం వినడం మొదలుపెట్టారు. ఒకామె నా పక్షం, ఇంకొకామె వాడి పక్షం. "ఇచ్చెయ్యరాదా అన్నా, పాపం పెద్దాయన!" అని ఒకామె అంటే, "పెద్దాయనా? గట్టోడు సూడు, దారం లెక్కపెడతాండాడు" అని ఇంకొకామె. నవ్వులు. నాకు పంక్తి గుర్తొచ్చింది. ఈసారి నవ్వు నా వైపు ఉంది. నేను ఇంకా రెచ్చిపోయాను. మా నాయన మాటలన్నీ, వాన, ఎద్దులు, మూడో మెట్టు, అన్నీ ఆ పరుపు మీద దులిపాను. వాడు నా మొహం చూడడం లేదు. పరుపు మీద కూర్చున్నవాళ్ల చేతుల్ని చూస్తున్నాడు. ఒక జాకెట్టు ముక్క కోసం వచ్చినామె కూర్చున్నంతసేపట్లో చీర, లంగా, మనవరాలికి గౌను తీసి పక్కన పెట్టుకుంది.

కూచున్నోడు కొంటాడు. వాడు మర్చిపోయిన పాఠాన్ని నేను రోజూ తెల్లారకముందే పోయి, ఎదురు డబ్బిచ్చి లుంగీ కొని మరీ, మళ్లీ చెప్పాను.

ఇరవయ్యో రోజుకి రెండు పరుపులు. ఇరవై రెండో రోజుకి పది నిమిషాల బోర్డు పోయి కొత్త బోర్డు వచ్చింది: కూర్చోండి, నిదానంగా చూడండి, మీ ఇల్లే అనుకోండి. ఒకే ధర మాత్రం అట్లాగే ఉంది. ఇరవై మూడో రోజు వాడికి నన్ను చూసి చెమటలు పట్టలేదు. నవ్వాడు.

"నువ్వు రాకుంటే అంగడికి కళ ఉండదన్నా ఇప్పుడు."

ఆ రోజు కొన్నదే ఇరవై ఒకటో లుంగీ. అది గురువారం.

లుంగీ పట్టుకొని రోడ్డు దాటి వచ్చాను. దర్జీ దాన్ని తీసుకోలేదు.

"ఎమ్మిగనూరు పెద్దాయన వచ్చినాడు సేట్."

"యాడ?"

"పోయినాడు. పోయిన వారమూ వచ్చినాడు, దానికి ముందు వారమూ వచ్చినాడు. మీకు సెప్తినే. మీరు సరే సరే అంటిరి. రెండేసి గంటలు ఈ మెట్ల మీదే కూచున్యాడు. పోయినసారి మూట నా దగ్గర పెట్టి పోయినాడు. ఈసారి ఆ మూట కూడా తీసుకపోయినాడు."

చెప్పాడు. రెండుసార్లూ చెప్పాడు. నేను రేపటి లుంగీ గురించి ఆలోచిస్తూ సరే అన్నాను.

"యాడికి తీసుకపోయినాడు?"

దర్జీ గడ్డంతో ఎదురుగా చూపించాడు. అద్దాల వెనక, వాడి పరుపు మీద, ఆ మూట విప్పి ఉంది. నేను అటు పక్క తలుపు నుంచి బయటికి వస్తుంటే ముసలాయన ఇటు పక్క నుంచి లోపలికి పోయినట్టున్నాడు. ఒక స్తంభం అడ్డు. అంతే.

వాడి పరుపు మీదికి పోయి ఆయన్ని బతిమాలలేక, మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. అంగడికి తాళం వేసే పోయాను, అదెట్లాగూ అలవాటైంది. ముసలాయన అప్పటికే ఇంటికి చేరి, గుంతలో కాళ్లు పెట్టుకొని మగ్గం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపి, మళ్లీ నాడె విసిరాడు. మగ్గం ఆపలేదు. నేను గోడ పక్కన పీట మీద కూర్చున్నాను. కాసేపటికి ఫోను తీసి టైము చూశాను. మళ్లీ చూశాను. బస్సు ఎన్నింటికో లెక్కవేశాను. కాలు ఊపుతున్నాను.

"కాలు ఊపొద్దప్పా. నాకు లెక్క తప్పుతాది" అన్నాడు.

ఊపడం ఆపాను. ఎర్ర అంచు అయిపోయేదాకా నేసి, అప్పుడు మగ్గం ఆపాడు.

"చిన్నాయనా, ఏం పని చేస్తివి? మా నాయన కాలం నుంచి నువ్వు వేరే గడప ఎక్కలేదు గదా."

"ఎక్కలేదు. ఎక్కే పని రాలేదు."

"వాడు ఎంతిస్తానన్యాడు? దాని మీద నేనిస్తా."

"నువ్వు ఇచ్చేదే ఇచ్చినాడు. ఎక్కువ ఏం లేదు."

"మరి?"

ముసలాయన నూలు కండె తీసి వెలుతురులో చూసుకున్నాడు.

"డబ్బుకయితే నేను వారం వారం బస్సెక్కి రావల్లనా? ఫోను సాలు, ఎవరన్నా వచ్చి తీసుకపోతారు. మీ నాయన ఒక్కొక్క దుప్పటి విప్పి, అంచు తడిమి, ఈడ పోగు వదులైంది, ఈడ రంగు బాగా పడిందని సెప్తాండె. రెండు గంటలు బేరం ఆడుతాంటిమి. వారమంతా నేసేది ఆ రెండు గంటల కోసమేప్పా. నువ్వూ అట్లనే సూస్తాంటివి. ఇప్పుడు మూడు వారాలుగా నీ తాళాన్ని సూసి వస్తాండా."

"నేను వానికి బుద్ధి సెప్పను పోతాంటి చిన్నాయనా. నిమ్మళం అంటే ఏందో వానికి సూపియ్యాలని."

"సూపిచ్చినావు గదా. నేర్చుకున్యాడు. నన్ను కూచోబెట్టి ప్రతి దుప్పటీ విప్పి సూసినాడు. నువ్వే తొందర మనిషివి అయితివి."

నేను బేరగాణ్ణి. ఆఖరి ఎత్తు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. లేచాను. "సరే చిన్నాయనా, నీ ఇష్టం" అని గుమ్మం దాటాను. ఆ ఇంటికి కూడా మెట్లున్నాయి, మూడు. మొదటిది నిమ్మళంగా దిగాను. రెండోది ఇంకా నిమ్మళంగా. మూడో మెట్టు మీద చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. లోపల మగ్గం మళ్లీ మొదలైంది. వెనక్కి ఎవరూ పిలవలేదు.

నేనే తిరిగి లోపలికి పోయాను. ఒక దుప్పటి కావాలన్నాను. ధర చెప్పాడు. మామూలుగా అయితే నేను వాన దగ్గర మొదలుపెట్టాలి. ఆయన నా నోటి వైపే చూస్తూ ఆగాడు, మొదలుపెడతానేమోనని. నాకు బేరమాడే మొహం లేదు. చెప్పినంత ఇచ్చాను. ఆయన మొహం చిన్నబోయింది. నేను తక్కువ ఇచ్చి ఉంటే అంత చిన్నబోయేవాడు కాదు.

ఇక లెక్క.

వాడికి నా వల్ల పోయినవి: మొదటి తొమ్మిది పొద్దులు, కొంచెం నిద్ర, ఒక పెండ్లి జట్టు. పంక్తిలో అందరి ముందూ అన్న మాటకు బదులుగా వాడి చెవిలో ఒక మాట వేశాను. అది వాడొక్కడే విన్నాడు, బజారులో ఎవరూ నవ్వలేదు. వాడు చెడిపోవాలని ఈ రోజుకీ కోరుకుంటాను, ఆ కోరికను ఖర్చులో రాయడం లేదు.

వాడికి నా వల్ల వచ్చినవి: రెండు రుమాళ్ల బేరం, ఇరవై ఒక్క లుంగీల బేరం, మా నాయన పరుపు, మా నాయన మాట, ఎమ్మిగనూరు మూట.

నాకు పోయినవి: ఇరవై మూడు పొద్దుల ఉగ్గాని, ఇరవై ఒక్క కుట్టుకూలీలు, వాడికి పోయిన పెండ్లి జట్టే నాకు కూడా, నా అంగట్లో ఉండి ఎదురంగట్లో లేని ఒక్కటి. ఇవన్నీ నావి కాబట్టి కొట్టేసుకోవచ్చు. మూడు గురువారాలు రెండేసి గంటల చొప్పున, ఒక ముసలాయన బతుకులో ఆరు గంటలు మాత్రం నావి కావు. అవి నా మెట్ల మీద పోయాయి. దాన్ని ఏ పద్దులో వేసినా బాకీ నాదే అవుతోంది.

నాకు వచ్చినవి: రెండు రుమాళ్లు. ఇరవై ఒక్క లుంగీలు, అందులో నీలిగళ్లవి, తర్వాత కొన్న ఎడమచేతిదానితో కలిపి, రెండూ ఒకటేలా ఉన్నాయి, కాబట్టి ఆ రోజు చెప్పింది కూడా అబద్ధమే. ఎర్ర అంచు దుప్పటి ఒకటి, చెప్పిన ధరకు. కొసరు ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు.